బిరడా నుంచి బ్రిగేడ్ దాకా

ఫైరింజన్ అనగానే ఇప్పుడు ఎర్ర లారీ, గణగణమనే గంట గుర్తుకొస్తాయి. ఇంగ్లండులో ఆ మాట వాడుకలోకి వచ్చేనాటికి మోటారే లేదు. అప్పటి ‘ఇంజన్’ అంటే తొట్టి మీద బిగించిన చేతిపంపు. ఇరువైపులా మనుషులు నిలబడి పొడవాటి కర్రలను పైకీ కిందికీ ఆడించేవారు. తొట్టిలోకి నీళ్లు బకెట్లతో చేతులు మారుతూ వచ్చేవి. 1670ల్లో ఆమ్‌స్టర్‌డామ్ చిత్రకారుడు యాన్ వాన్ డెర్ హేడెన్ తోలుగొట్టం వాడుకలోకి తెచ్చాకే మంట దగ్గరికి నీటిని చేర్చడం తేలికైంది.

అన్నిటికన్నా వింత కథ ‘ఫైర్ ప్లగ్’ది. లండన్ వీధుల కింద నీటిగొట్టాలు అప్పట్లో చెక్కవి, ఎల్మ్ చెట్టు దుంగలను తొలిచి చేసినవి. నిప్పంటుకుంటే నేల తవ్వి గొట్టానికి బెజ్జం పెట్టేవారు. గుంటలో ఊరిన నీటిని తోడుకుని, పని ముగిశాక బెజ్జానికి చెక్క బిరడా కొట్టేవారు. ప్లగ్ అంటే ఆ బిరడాయే.

‘ఫైర్ బ్రిగేడ్’లోని ‘బ్రిగేడ్’ సైన్యం మాట. 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత పుట్టిన బీమా కంపెనీలు ఎవరి మంటలార్పే మనుషులను వారే పోషించేవి. 1833లో ఆ బృందాలను కలిపి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ చేతికిచ్చారు. 1861లో లండన్ టూలీ స్ట్రీట్ మంటల్లో గోడ కూలి ఆయన చనిపోయాడు. 1866లో ఆ బాధ్యత ప్రభుత్వపరమై మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ ఏర్పడింది. తెలుగులో అగ్నిమాపక ‘దళం’ అనడంలోనూ ఆ సైనిక వాసన ఉంది.

చెక్కగొట్టాలు ఎప్పుడో పోయాయి. అమెరికా ఫైర్‌మన్లు మాత్రం వీధిలో నీళ్లందించే ఇనుప హైడ్రెంట్‌ను నేటికీ ప్లగ్ అనే అంటారు.