గిరణ్‌గావ్ (ముంబై)

ముంబైలోని పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకుల్లా పరిసరాల్లో పరుచుకున్న పాత నూలు మిల్లుల ప్రాంతాన్ని గిరణ్‌గావ్ అంటారు. 1850ల నుంచి ఇక్కడ వెలసిన మిల్లులు కొంకణ తీరం, సాతారా వైపు నుంచే కాక నిజాం ఏలుబడిలోని తెలంగాణ నుంచి కూడా కూలీలను రప్పించుకున్నాయి. కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలీలకు నేత పని వచ్చు కాబట్టి సాంచాల దగ్గర చోటు దొరికింది. చాళ్లు అనే వరస గదుల ఇళ్లలో పది పన్నెండడుగుల గది, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఒక షిఫ్టువాళ్లు పనికి పోతే, దిగివచ్చినవాళ్లు అవే చాపల మీద నడుం వాల్చేవారు. ఇంటిదాన్నీ పిల్లలనూ ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లకు అన్నం పెట్టిన ఖానావళులను ఎక్కువగా ఆడవాళ్లే నడిపారు.

ఈ పేట రూపు మారడానికి 1982 సమ్మెనే కారణంగా చెప్పడం పరిపాటి. దత్తా సామంత్ నాయకత్వంలో ఆ జనవరిలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. సమ్మె ముగిసిందని ఎవరూ లాంఛనంగా ప్రకటించనే లేదు. అయితే సమ్మె తీసుకుపోయింది పనిని మాత్రమే, జనాన్ని కాదు. ఆ పని కూడా అంతకుముందే భివండీ పవర్‌లూమ్‌ల వైపు జారిపోతోంది. జీతం పోయినవాళ్లలో చాలామంది గది వదల్లేదు. 1947 నాటి అద్దె చట్టం పాత కిరాయిలను కదలనివ్వకపోవడంతో, కూరగాయల బండి పెట్టుకునో, వాచ్‌మన్‌గా కుదిరో అక్కడే నెట్టుకొచ్చారు. పేటలో మనుషులు మారింది తర్వాత, భూమి గురించి ప్రభుత్వం రాసుకున్న నిబంధనల వల్ల.

ఆ నిబంధనల చరిత్ర చిన్నదే కానీ కీలకమైనది. 58 మిల్లుల కింద ఉన్న నేల దాదాపు 600 ఎకరాలు. మిల్లు భూమిని మరో పనికి వాడదలిస్తే మూడో వంతు నగరపాలక సంస్థకు, మరో మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి ఇచ్చి, మిగిలింది యజమాని ఉంచుకోవాలని 1991 నిబంధన సారాంశం. 2001 సవరణ ఈ పంపకాన్ని కట్టడాలు లేని ఖాళీ జాగాకే పరిమితం చేసింది. మిల్లు అంటేనే షెడ్లు. ఖాళీ జాగా ఎంతని ఉంటుంది? దాంతో ప్రజల వాటా చిక్కిపోయింది. 2005లో బొంబాయి హైకోర్టు ఈ సవరణకు అడ్డు చెప్పింది, 2006లో సుప్రీంకోర్టు మాత్రం సవరణనే నిలబెట్టింది. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది, కమలా మిల్లు ఆవరణలో ఆఫీసులూ హోటళ్లూ వచ్చాయి. కొన్నిచోట్ల పాత చిమ్నీని అలంకారంగా ఉంచారు!

గిరణ్‌గావ్ ఉన్న ముంబై నగర జిల్లా జనాభా 2001లో 33.38 లక్షలు, 2011లో 30.85 లక్షలు. ఈ లెక్క మిల్లుల పేటకొక్కదానికే చెందదు, దీన్నిబట్టి తగ్గుదలంతా అక్కడే జరిగిందనడం తొందరపాటు. అయినా ఇంతగా కట్టడాలు లేచిన చోట మనుషులు తగ్గారంటే, ఆ కట్టడాల్లో ఎక్కువ భాగం ఇరుకు కాపురాల కోసం లేచినవి కావని అర్థమవుతుంది.

మిల్లులు ఎలాగూ నష్టాల్లో ఉన్నాయి, మూతపడక తప్పేది కాదు అనే వాదన ఉంది. నిజమే కావచ్చు. కానీ మిల్లు మూతపడటం ఒకటి, దాని కింది నేల ఎవరికి చెందాలన్నది మరొకటి. మొదటిది రెండోదాన్ని తేల్చదు. చాళ్ల బతుకు దుర్భరమనీ, పగిడీ హక్కు (ముందుగా ఒక మొత్తం చెల్లించి పొందిన అద్దె హక్కు) అమ్ముకుని శివార్లలో పెద్ద ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఇష్టపడే వెళ్లారనీ చెప్పే మాట ఇంకా బలమైనది. దాన్ని కొట్టిపారేయలేం, కుళాయి దగ్గర వరుసలో నిలబడినవారెవరూ దాన్ని కోరుకుని నిలబడలేదు. అయితే అది ఇష్టమని చెప్పాలంటే అక్కడే మరో మంచి ఇల్లు దొరికే వీలుండాలి. 1991 నిబంధన ఇవ్వజూపింది ఆ వీలునే. మిల్లు కార్మికులకు ఇళ్లు కేటాయించే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ లాటరీకి లక్షకు పైగా మిల్లు కుటుంబాలు దరఖాస్తు చేసుకోవడాన్ని చూస్తే ఆ కోరిక చావలేదని తెలుస్తుంది. దొరికిన ఇళ్లలో కొన్ని పరేల్‌లో కాదు, నగరం అవతల పన్వేల్ దగ్గరి కోన్‌లో ఉన్నాయి.