ఆకాశం నుంచి బడికి కథ వచ్చిన ఏడాది

మన కోడుమూరు నుంచి ఇంకో ఎపిసోడ్.

మా అక్క కొడుకు మూడో తరగతి. ఫోన్‌లో కాకి, కుండ కథ ఎన్నిసార్లు చూసినాడో లెక్కే లేదు, మొత్తం నోటికొచ్చు. మొన్న అదే కథ పుస్తకంలో చూపించి "చదవరా" అన్నాను. రెండో లైన్‌కే ఆగిపోయినాడు. కథ వచ్చింది, అక్షరం రాలేదు. మరి స్క్రీన్ మీద కథ చూస్తే చదువు వస్తుందా, రాదా?

ఈ ప్రశ్నని మన దేశం 50 ఏళ్ల కిందటే అడిగింది. 1969లో విక్రమ్ సారాభాయ్ చొరవతో నాసాతో ఒప్పందం కుదిరింది. ఆయన 1971లో చనిపోయారు, ఫలితం చూడలేదు. 1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. ఏటీఎస్-6 అనే అమెరికా శాటిలైట్ నుంచి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకి నేరుగా టీవీ! ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తుంగభద్ర అవతల రాయచూరు జిల్లా కూడా ఉండింది. కోళ్లకి కట్టే వలలాంటి తీగ వలతో మూడు మీటర్ల డిష్ యాంటెన్నాలు చేసినారు.

పొద్దున బడిపిల్లలకి ఒక్కో భాషలో 22న్నర నిమిషాలు. తెలుగు కూడా ఉండేది. కథలు, పాటలు, సైన్సు. తర్వాత పరిశీలిస్తే పిల్లల భాష మెరుగైంది, తెలుసుకోవాలనే ఆసక్తి పెరిగింది. కానీ బడిలో చేరేవాళ్ల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు. ఎందుకంటే పొలం పని, పేదరికం టీవీతో పోవు కదా. మన పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలని చూస్తే మనకే అర్థమవుతుంది.

1976 జూలై 31న ప్రయోగం ముగిసింది. అద్దెకు తెచ్చుకున్న శాటిలైట్ కాదు, అడిగి తెచ్చుకున్నది. ఏడాది కాగానే వెనక్కి పోయింది.

అమెరికాలో 1983లో 'రీడింగ్ రెయిన్‌బో' వచ్చింది. లెవార్ బర్టన్ హోస్ట్. ప్రతి ఎపిసోడ్‌లో ఒక పుస్తకం కథ, చివర్లో పిల్లలే తమకి నచ్చిన పుస్తకాలు చూపించి చెప్తారు. అంటే టీవీ ఆపాక ఏం చేయాలో టీవీనే చెప్పింది!

మన దగ్గర 1996లో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి ఇంకో ఐడియా పట్టుకున్నారు. టీవీ పాట ఏ భాషలో ఉంటే, కింద అక్షరాలూ అదే భాషలో వేయాలి. విన్న మాటే కంటికి కనిపిస్తే చదవడం అలవాటవుతుంది. తర్వాత ఆ పద్ధతి దూరదర్శన్ చిత్రహార్‌కి కూడా వచ్చింది.

నాకు అర్థమైంది ఇదే. కథ తలుపు దాకా తీసుకొస్తుంది, లోపలికి పోవాలంటే అక్షరం చేతికి అందాలి. ఇప్పుడు మావాడికి కింద తెలుగు అక్షరాలు కనిపించే కథలే పెడుతున్నాను. నిన్న వీడియో మధ్యలో ఆపి, "మామా, ఇది 'కుండ' కదా?" అన్నాడు. ఒక్క మాటే. కానీ అది వాడు విన్నది కాదు ఫ్రెండ్స్, చదివింది.

మీ ఇంట్లో చిన్నోళ్లు ఉంటే ఈ రోజే సబ్‌టైటిల్స్ ఆన్ చేయండి, పక్కన ఒక కథల పుస్తకం పెట్టండి. ఏమైందో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి!