ప్రకృతి చికిత్సాలయ సిబ్బంది

ప్రకృతి చికిత్సాలయ సిబ్బంది అనగా ప్రకృతి వైద్య పద్ధతిని అనుసరించే ఆసుపత్రులలోను, ఆశ్రమాలలోను పనిచేసే వైద్యులు, చికిత్సా సహాయకులు, యోగా శిక్షకులు, నర్సులు, వంటశాల పనివారు మొదలైనవారు. మందులకు బదులుగా నీరు, మట్టి, ఎండ, ఆహార నియమం, ఉపవాసం, మర్దన, యోగాసనాలను ఉపయోగించడం ఈ పద్ధతి ప్రత్యేకత. ఇక్కడ చికిత్సలో అధిక భాగం మనుషుల చేతుల మీదుగానే జరుగుతుంది. అందువలన రోగికి కలిగే మేలైనా, కీడైనా సిబ్బంది నైపుణ్యంపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ఆధునిక ప్రకృతి వైద్యం 19వ శతాబ్దంలో జర్మన్ భాషా ప్రాంతాలలో రూపుదిద్దుకున్నది. లీప్‌జిగ్ నగరానికి చెందిన లూయీ కూనే (1835–1901) తొట్టి స్నానాలను ప్రధాన చికిత్సగా ప్రచారం చేశాడు. ఆయన గ్రంథాన్ని డి. వెంకటచలపతి శర్మ 1894లో తెలుగులోనికి అనువదించారు. భారతదేశంలో ఈ ఉద్యమానికి ఆ అనువాదమే నాంది అని సాధారణంగా చెబుతారు. మహాత్మా గాంధీ తన ఆశ్రమాలలో మట్టి పట్టీలను, తొట్టి స్నానాలను స్వయంగా ప్రయోగించేవారు. 1946లో పుణె సమీపాన ఉరులీకాంచన్ గ్రామంలో ఆయన ప్రకృతి చికిత్సా ఆశ్రమాన్ని ప్రారంభించగా, మణిభాయి దేశాయి దాని నిర్వహణ బాధ్యతను స్వీకరించారు. ఆ తరంలో సిబ్బంది చాలావరకు సేవాభావంతో వచ్చిన కార్యకర్తలే. తరువాతి కాలంలో ఇది పట్టాలు, వేతనాలు గల వృత్తిగా మారింది.

సిబ్బందిలోని వర్గాలు

వైద్యులు

ప్రకృతి వైద్యులకు నిర్దేశించిన పట్టా బి.ఎన్.వై.ఎస్. దీని కాలవ్యవధి నాలుగున్నర సంవత్సరాల చదువు, ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్ కలిపి మొత్తం ఐదున్నర సంవత్సరాలు. కర్ణాటకలోని ఉజిరెలో 1989లో ఇందుకొక కళాశాల ప్రారంభమైనది. హైదరాబాదులోని అమీర్‌పేట ప్రాంతంలో గాంధీ పేరుతో ప్రకృతి వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ఆసుపత్రి ఉన్నాయి. రోగి చరిత్రను తెలుసుకోవడం, రక్తపోటు, చక్కెర వంటి పరీక్షల ఫలితాలు చూడడం, రోజువారీ చికిత్సల పట్టికను వ్రాయడం వైద్యుని విధులు. ఎవరికి ఏ చికిత్స చేయకూడదో నిర్ణయించడం వీటన్నింటిలో ముఖ్యమైనది.

చికిత్సా సహాయకులు

రోగి ఎక్కువ సమయం గడిపేది వీరితోనే. స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులు చికిత్స చేయడం ఆచారం. పుణెలోని జాతీయ ప్రకృతి వైద్య సంస్థ వీరికోసం ఒక సంవత్సరం శిక్షణ కోర్సును రూపొందించినది. అయితే పనిలో చేరిన తరువాత అనుభవజ్ఞుల వద్ద నేర్చుకున్నవారు కూడా అనేకులు.

వీరి పని ఉదయం రోగులు రాకముందే మొదలవుతుంది. నేల పైపొర తొలగించి లోపలి నుండి త్రవ్విన మట్టిని ఎండబెట్టి, జల్లించి, రాళ్ళు, వేళ్ళు లేకుండా చూసి, నీటిలో నానబెడతారు. దానిని తడి గుడ్డపై సుమారు ఒక అంగుళం మందాన పరచి, రోగి పొట్టపై 20 నుండి 30 నిమిషాలపాటు ఉంచుతారు. తొట్టి స్నానంలో రోగి నడుము, పొత్తికడుపు నీటిలోను, కాళ్ళు తొట్టి వెలుపల ఉండునట్లు కూర్చోబెడతారు. చన్నీటి స్నానానికి 10 నుండి 18 డిగ్రీల సెల్సియస్, వేడినీటి స్నానానికి 40 నుండి 45 డిగ్రీల ఉష్ణోగ్రత వాడుకలో ఉన్నది. నీటి వేడిని చేతితో అంచనా వేయడం కాక ఉష్ణమాపకంతో చూడడం సరైన పద్ధతి. ఆవిరి స్నానానికి ముందు రోగిచేత నీరు త్రాగించి, తలపై చల్లని గుడ్డ వేస్తారు. స్నానం జరుగుతున్నంతసేపు సహాయకుడు దగ్గరే ఉండాలి. మర్దనలో నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కంపింపజేయడం అనే ఐదు ప్రధాన విధానాలున్నాయి.

యోగా శిక్షకులు, వంటశాల సిబ్బంది

యోగా శిక్షకులు రోగి వయసును, వ్యాధిని బట్టి ఆసనాలను, ప్రాణాయామాన్ని నేర్పుతారు. వంటశాలలో ఉప్పు, నూనె తగ్గించిన వంటకాలు, పచ్చి కూరగాయలు, మొలకెత్తిన గింజలు, పండ్ల రసాలు తయారు చేస్తారు. ఉపవాసం చేసేవారికి, మామూలు భోజనం చేసేవారికి వేర్వేరు పట్టికలు ఉండును. ఒకరి పట్టిక మరొకరికి మారినట్లయితే ప్రమాదం జరగవచ్చు కనుక వంటశాల కూడా చికిత్సలో భాగమే.

రోగి భద్రత

ఈ చికిత్సలు సహజమైనవి కనుక హాని ఉండదన్న నమ్మకం సరికాదు. సిబ్బంది ముఖ్యంగా ఈ క్రింది విషయాలలో జాగ్రత్త వహించాలి:

* మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారు వేడిని గుర్తించలేరు. వేడినీటి పాదస్నానం వలన వారికి బొబ్బలు, పుండ్లు ఏర్పడవచ్చు.
* ఇన్సులిన్ లేదా చక్కెరను తగ్గించే కొన్ని మాత్రలు వాడుతూ ఉపవాసం చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోవచ్చు. వణుకు, చెమట, అయోమయం దాని లక్షణాలు.
* ఇన్సులిన్‌పై పూర్తిగా ఆధారపడినవారు దానిని హఠాత్తుగా మానివేస్తే ప్రాణాపాయం కలుగుతుంది.
* గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు ఆవిరి స్నానం సాధారణంగా చేయించరు.
* కాలి సిరలలో రక్తం గడ్డకట్టినట్లు అనుమానం ఉన్నచోట మర్దన చేయరాదు.

ఇట్టి లక్షణాలను మొదట గమనించే అవకాశం వైద్యుని కంటే సహాయకునికే ఎక్కువ. అందువలన చికిత్సను ఆపివేసి వైద్యుని పిలిచే అధికారం సహాయకునికి ఉండడం అవసరం.

వృత్తిలోని ఇబ్బందులు

సహాయకుల చేతులు గంటల తరబడి తడిలో ఉండడం వలన చర్మం పగలడం, దురద కలగడం సాధారణం. మర్దన చేసేవారికి బొటనవ్రేలు, మణికట్టు, నడుము నొప్పులు వచ్చును. ఆవిరి గదుల వేడి, తడి నేలపై జారిపడడం ఇతర సమస్యలు. శరీరాన్ని తాకి చేసే పని కనుక రోగికి, సహాయకులకు ఇద్దరికీ మర్యాద, రక్షణ అవసరం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో చేసిన చట్టం ఈ సంస్థలకు కూడా వర్తిస్తుంది.

చట్టపరమైన స్థితి

యోగా, ప్రకృతి వైద్య పరిశోధనకు కేంద్ర మండలి 1978లో ఏర్పడినది. ఆయుష్ విభాగం 2014లో ప్రత్యేక మంత్రిత్వ శాఖగా మారినది. అయితే 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా-రిగ్పా పద్ధతులను మాత్రమే తన పరిధిలోనికి తీసుకున్నది. ప్రకృతి వైద్యం అందులో చేరలేదు. మధుమేహం, క్యాన్సర్ వంటి కొన్ని వ్యాధులను నయం చేస్తామని మందుల గురించి ప్రకటనలు ఇవ్వడాన్ని, మహిమలు గల చికిత్సల పేరిట ప్రచారం చేయడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది.

విమర్శలు

నడుము నొప్పికి మర్దన వలన కొంతకాలం ఉపశమనం కలుగునని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆహార నియమం, బరువు తగ్గడం, వ్యాయామం మధుమేహం, రక్తపోటు నియంత్రణకు తోడ్పడతాయి. కాని వ్యాధులన్నింటికీ శరీరంలో చేరిన మలినాలే కారణమన్న కూనే సిద్ధాంతాన్ని ఆధునిక వైద్యశాస్త్రం అంగీకరించదు. ఈ చికిత్సల వలన క్యాన్సర్ నయమగునని చెప్పడానికి ఆధారాలు లేవు. మందులతో పాటు చేయించుకున్నపుడు ఇవి అనుబంధ చికిత్సలు. మందులను మాన్పించినపుడు ప్రత్యామ్నాయ చికిత్సలు. ఈ భేదాన్ని రోగికి స్పష్టంగా వివరించడం సిబ్బంది బాధ్యత.

ఇవి కూడా చూడండి

* ప్రకృతి వైద్యం
* యోగా
* మర్దన
* మధుమేహం
* లూయీ కూనే