నాలుగు వందల ఏండ్ల కొత్త ఇల్లు

నల్లగొండ నుంచో పాలమూరు నుంచో కొలువు కోసం ఫ్రాంక్‌ఫర్ట్ పోయినవాళ్లు, ఊరి నుంచి అమ్మానాన్నలొస్తే పెద్ద చర్చి పక్కనున్న ఒక మూలమలుపు దగ్గర తప్పకుండా నిలబెడతారు. అక్కడ ఒక ఇల్లు. కింద ఎర్ర ఇసుకరాతి కమాన్లు, పైన నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా దూలాలు, ఒక మూల బంగారు త్రాసు. ఆ త్రాసే ఇంటిపేరు, గోల్డెనె వాగె. "ఎన్నేండ్ల ఇల్లు బిడ్డా?" అని పెద్దాయన అడిగితే కొడుకు తడుముకోవాలి. కట్టింది 1619లో. కళ్లముందున్నది తెరిచింది 2018లో.

మన దిక్కు ఇంటి బలమంతా గోడలోనే. రాతిగోడ, దాని మీద దూలం, దంతెలు, ఆపైన మట్టి మిద్దె. జర్మన్ల 'ఫాఖ్‌వెర్క్' ఇంట్లో లెక్క వేరు. బరువు మోసేది కలప చట్రం. గోడ ఉత్త అడ్డుతెర. వడ్రంగులు దూలాలను నేలమీదే పరిచి, బెజ్జంలో కుసి సరిచూసి, జతకో గుర్తు చెక్కి, ఊడదీసి మళ్లీ నిలబెట్టేవారు. బిగింపు చెక్కమేకులతో. సందుల్లో పుల్లల తడక అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తేవారు. కందికట్టె తడకకు మట్టి మెత్తిన చేతులకు ఇందులో కొత్తేముంది!

పై అంతస్తులు వీధిలోకి ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. నేలమీద జాగా ఇరుకు, గాలిలో కాస్త దొరికింది. నిప్పు భయం కొద్దీ కింది అంతస్తు మాత్రం రాతిదే.

కట్టించిన అబ్రహాం ఫాన్ హామెల్ స్థానికుడు కాదు. స్పెయిన్ రాజుల ఏలుబడిలోని నెదర్లాండ్స్ నుంచి మతం కారణంగా తరలివచ్చిన కాందిశీకుడు. మిఠాయిలు చేసేవాడు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడు. వలస వచ్చినవాడు బజారు నడుమ అంత సింగారమైన ఇల్లు కట్టి, నెత్తిన చిన్న తోట కూడా పెట్టించాడంటే, ఊరికి తన సత్తా చూపించాలనుకున్నాడనే అనిపిస్తుంది.

తర్వాతి కాలంలో నగరమే ఆ ఇంటిని కొని బాగుచేయించింది, మ్యూజియంగా మార్చింది. 1944 మార్చిలో బాంబులు పడ్డాయి. పాతబస్తీలో వెయ్యికి పైగా కలప చట్రపు ఇండ్లు కాలిపోతే, చెక్కుచెదరకుండా మిగిలింది ఒక్క వెర్ట్‌హైమ్ ఇల్లే. నది వైపు జనం తప్పించుకునే దారి అదే కాబట్టి అగ్నిమాపక దళం నీళ్లు కొడుతూ దాన్ని నిలబెట్టింది.

బూడిదైన చోట 1974 నాటికి కాంక్రీటు సర్కారీ భవనం లేచింది. జనానికి అది నచ్చలేదు. దాన్నీ కూల్చి 35 ఇండ్లు కట్టారు. అందులో 15 పాతవాటికి నకళ్లు. పాత ఫోటోలు, కొలతల పటాలు చూసి త్రాసు ఇంటిని మళ్లీ లేపారు. నకలెందుకని విమర్శకులు ఎగతాళి చేశారు. ఆ మాటలో న్యాయముంది. కానీ తాతలు కాలబెట్టుకున్న బస్తీని మనవలు దూలం దూలం లెక్కపెట్టి నిలబెట్టడాన్ని ఉత్త నాటకమని కొట్టిపారేయలేం.

మన దిక్కు వనపర్తి సంస్థానం ప్యాలెస్ 1959 నుంచి పాలిటెక్నిక్ కాలేజీ. అక్కడ గోడలు పాతవే, పని మారింది. త్రాసు ఇంట్లో గోడలే మారాయి. పైగదుల్లో మళ్లీ మ్యూజియం. కింద, మిఠాయి వ్యాపారి కమాన్ల నడుమ, కాఫీ హోటల్; అందులో కేకులు అమ్ముతున్నారు.