నిలబడలేని వారి వంతు

వినోద పార్కు గేటు దగ్గర టికెట్ ధర అందరికీ ఒకటే. లోపల రైడ్ ఒకటే, దాని ముందు క్యూ కూడా ఒకటే. కానీ ఆ క్యూలో గంటసేపు నిలబడడం అందరికీ ఒకే పని కాదు. పోలియో వచ్చిన కాళ్లకు అది నొప్పి. ఆటిజం ఉన్న పిల్లవాడికి ఇనుప కమ్మీల మధ్య తోపులాట, లౌడ్‌స్పీకర్ల మోత భరించలేని హింస. వాళ్లను ముందు పంపితే మిగతావారికి అన్యాయమా, అందరితో పాటు నిలబెడితే వాళ్లకు అన్యాయమా అన్న తగవు పార్కులతో పాటే పెరిగింది.

1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరుచుకుంది. పాత రైడ్‌ల క్యూలు ఇరుకు. వాటి మలుపుల్లో, మెట్లలో వీల్‌చైర్ పట్టేది కాదు. అందుకని వీల్‌చైర్‌లో వచ్చినవారిని, రైడ్ దిగినవాళ్లు బయటికొచ్చే దారిలో లోపలికి పంపేవారు. చూసేవాళ్లకు అది రాయితీలా కనిపించింది. నిజానికి కట్టడంలోని లోపానికి వేసిన అతుకు అది. 1990లో అమెరికాలో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక కొత్త క్యూలను వెడల్పుగా కట్టడం మొదలైంది. దారి వెడల్పయితే చక్రాల కుర్చీకి చాలు. పైకి కనిపించని వైకల్యానికి అది చాలదు. అలాంటివారికి డిస్నీ పార్కులు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు ఇచ్చేవి. డాక్టరు చీటీ అడిగేవారు కాదు. కార్డు ఉన్నవారు చాలా రైడ్‌లకు తక్కువ రద్దీ ఉండే ఫాస్ట్‌పాస్ దారిలో వెళ్లగలిగేవారు.

ఆ నమ్మకాన్ని కొందరు అమ్ముకున్నారు. న్యూయార్క్‌లోని సంపన్న కుటుంబాలు గంటకు 130 డాలర్లిచ్చి దివ్యాంగులైన గైడ్లను వెంటబెట్టుకుని క్యూలు దాటుతున్నాయని 2013 మేలో ఆ నగర పత్రిక ఒకటి రాసింది. అదే ఏడాది అక్టోబరులో డిస్నీ పాత కార్డును ఎత్తేసి డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్ తెచ్చింది. మామూలు క్యూలో గంట పడుతుంటే, ఈ సర్వీసు పొందినవారికి దాదాపు గంట తర్వాత రమ్మని సమయం ఇస్తారు. ఆలోగా నీడన కూర్చోవచ్చు, తినవచ్చు. వేచి ఉండడం తప్పదు గానీ, నిలబడి వేచి ఉండడం తప్పుతుంది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే.

దీని వెనక ఉన్న లెక్క చిన్నది. గంటకు వెయ్యి మందిని ఎక్కించుకునే రైడ్ ముందు వెయ్యి మంది ఉంటే చివరి మనిషికి గంట పడుతుంది. అందులో 200 సీట్లు పక్క దారిలో వచ్చేవారికి పోతే అదే మనిషికి 75 నిమిషాలు. మిగతావారి ఫిర్యాదు ఉత్త అసూయ కాదు. అయితే ఆ పక్క దారి దివ్యాంగులదే అనుకోవడం పొరపాటు. పార్కులు దాన్ని ఎక్కువ ధరకు అమ్ముతాయి కూడా. మన దేశంలోనూ వండర్‌లా ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు అమ్ముతోంది. డబ్బిచ్చి ముందుకెళ్లేవాణ్ని సహించి, నిలబడలేనివాణ్ని అనుమానంగా చూడడం న్యాయం కాదు.

కొత్త పద్ధతి ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నచ్చలేదు. మా పిల్లలకు కాలం తెలియదు, అనుకున్న వరుసలో రైడ్‌లు ఎక్కకపోతే కుదేలవుతారు అంటూ 2014లో చాలా కుటుంబాలు కోర్టుకెక్కాయి. వారి వాదన వినదగినదేనని 2018లో ఫెడరల్ అప్పీలు కోర్టు విచారణకు తిప్పి పంపింది. 2020లో ఫ్లోరిడాలోని ట్రయల్ కోర్టు డిస్నీ పక్షానే తీర్పిచ్చింది. 2024లో ఆ సంస్థ అర్హతను మరింత కుదించి, ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలున్నవారికే పరిమితం చేసింది. ఒకప్పుడు కోర్టుకెక్కిన వర్గం లోపలుండిపోగా, కీళ్లవాతం, పేగు జబ్బులు ఉన్నవారు బయట మిగిలారు.

మన గుజరాత్‌లోని సూరత్‌లో ఈ ప్రశ్న ఇంకా కోర్టు దాకా వెళ్లలేదు గానీ, క్యూ మాత్రం ఉంది. వేసవి సెలవుల్లో, దీపావళికి వజ్రాల కార్ఖానాలు మూతపడే రోజుల్లో అమేజియా వంటి వాటర్ పార్కులు కిటకిటలాడతాయి. పవర్‌లూమ్‌ల మీద బతికే లింబాయత్, ఉధ్నా ప్రాంతాల తెలుగు పద్మశాలీ కుటుంబాలకు క్యూ కొత్తది కాదు. తిరుమలలో 65 ఏళ్లు దాటినవారికీ దివ్యాంగులకూ టీటీడీ వేరే దర్శనం ఏర్పాటు చేసింది. ముందే సమయం ఖాయం చేసుకుని వేళకు వస్తే చాలు, కంపార్ట్‌మెంట్లలో గంటలు గడపనక్కర్లేదు. డిస్నీ కొత్త పద్ధతికీ దీనికీ మూలసూత్రం ఒకటే.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు పొందిన వైకల్యాలను అది 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం వాటిలో ఒకటి. సముచితమైన సర్దుబాటు నిరాకరించడాన్ని వివక్షగానే చూసింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదనీ, తప్పనిసరి నిబంధనలు మూడు నెలల్లో తేవాలనీ కేంద్రాన్ని ఆదేశించింది.

సూరత్‌లో భద్రత కూడా పక్కన పెట్టలేని మాట. 2019 మే 24న తక్షశిల భవనం మంటల్లో ఈ నగరం 22 మంది విద్యార్థులను పోగొట్టుకుంది. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదం తర్వాత గుజరాత్ అంతటా వినోద కేంద్రాలపై తనిఖీలు జరిగాయి. మధ్యలో ఆగిపోయిన రైడ్ నుంచి నడవలేని మనిషిని దించాలంటే సిబ్బంది కావాలి, దారి కావాలి. అందుకే కొన్ని రైడ్‌లలో ఒకేసారి అలాంటివారు ఎందరు ఎక్కవచ్చో పరిమితి పెడతారు. ఆ పరిమితి వల్ల వాళ్ల నిరీక్షణ ఒక్కోసారి మామూలు క్యూ కన్నా పెరుగుతుంది. భద్రతా నియమం నిజమైన ప్రమాదం మీద నిలబడాలి, ఊహల మీద కాదని అమెరికా నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. వైకల్యం రుజువుకు మన దేశంలో యూడీఐడీ అనే ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంది, పాత డిస్నీ కార్డులా అది నోటిమాట మీద ఇచ్చేది కాదు. ఆ కార్డు చూసి తిరిగి రావలసిన సమయం రాసివ్వడానికి పార్కుకు కావలసింది గేటు దగ్గర ఒక కౌంటరు, నీడలో కొన్ని కుర్చీలు.