వీడియో గేమ్ పాత్రల చలనం: పిక్సెల్ బొమ్మ నుంచి రిగ్గింగ్ దాకా

తొలితరం వీడియో గేమ్ పాత్రల రూపాన్ని చిత్రకారుని ఊహతో పాటు యంత్రం పరిమితులు కూడా నిర్ణయించాయి. 1981లో నింటెండో విడుదల చేసిన ‘డాంకీ కాంగ్’ ఇందుకు ఉదాహరణ. తరవాత మారియోగా ప్రసిద్ధుడైన కథానాయకుడు అందులో 16×16 పిక్సెళ్ల బొమ్మ. అంత చిన్న చోట నోరు, జుట్టు గీయడం కష్టం. అందుకే రూపకర్త షిగెరు మియామోటో మీసం, టోపీ పెట్టారు.

అప్పట్లో ప్రతి భంగిమనూ విడిగా గీయాలి. 1989 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కోసం జోర్డన్ మెక్నర్ తన తమ్ముడి పరుగును, గెంతును వీడియో తీసి, వాటి ఆధారంగా భంగిమలు గీశారు. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. చలనం సహజంగా వచ్చింది, కానీ మెమరీ నిండిపోయింది. కొత్త ప్రత్యర్థికి చోటు లేక, రాకుమారుని బొమ్మలనే రూపు మార్చి ‘నీడ మనిషి’ని సృష్టించారు.

నేడు అలాంటి పాత్రను మొబైల్ ఫోన్‌లోనే కదిలించవచ్చు. తల, మొండెం, చేతులు, కాళ్లను విడదీసి, కీళ్ల దగ్గర కలుపుతూ ‘ఎముకలు’ అమర్చడమే రిగ్గింగ్. తోలుబొమ్మలో లాగే భుజం తిప్పితే ముంజేయి వెంట కదులుతుంది. ముఖ్య భంగిమలు ఇస్తే, మధ్యవాటిని యాప్ లెక్కిస్తుంది. అయితే పిక్సెల్ బొమ్మను వాలుగా తిప్పితే దాని చతురస్రాల అంచులు చెదురుతాయి. చలనం మరీ నునుపైతే పాతకాలపు తీరు పోతుంది. అందుకే కళాకారులు కావాలనే భంగిమల సంఖ్య తగ్గిస్తారు. నాటి నిర్బంధమే నేడు శైలిగా మారింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మెమరీ పరిమితులు గేమ్ పాత్రలను ఎలా తీర్చిదిద్దాయి? రెండు ఉదాహరణలతో వివరించండి.