చెరువుకట్ట నుంచి వీధికుళాయి దాకా

పురపాలక చరిత్రను చట్టాలతో మొదలుపెట్టడం పరిశోధకులకు అలవాటు: 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, తర్వాత 1920 చట్టం, 1965లో ఆంధ్రప్రదేశ్ చట్టం. మదనపల్లె, పుంగనూరు పురపాలక సంఘాలకు ఈ క్రమం సరిపోతుంది. పంచాయతీగానే ఉన్న రామసముద్రం పేరు మాత్రం ఇంకా వెనక్కు చూడమంటుంది. రాయలసీమ ఊరిపేర్లలో ‘సముద్రం’ అంటే చెరువు. పూడిక తీయడం, కట్టను కాపాడటం, వంతులవారీగా నీరు వదలడం ఇక్కడి తొలి పౌరకార్యాలు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు 12 అంగాలను, 6 దోషాలను లెక్కించింది. చెరువు బాగుచేతకు దశబంధం మాన్యం, నీటి పంపకానికి నీరుగంటి ఉండేవారు. పన్ను వసూలు, తీర్మానం, గుత్త పని అనేవి తర్వాతి రూపాలు.

అయితే పాత ఏర్పాటును ఆదర్శంగా చిత్రించే వ్యాసాలతో నాకు పేచీ ఉంది. కాలువలో నీరు పారించిన చేతులకే ఊరి బావి అంటరానిదైంది. ఆ నిషేధాన్ని తొలగించడానికి మద్రాసు శాసనసభ 1938లో చట్టమే చేయవలసివచ్చింది. కాబట్టి వీధికుళాయి గురించిన రెండు పంక్తుల తీర్మానాన్ని నిత్యకృత్యమని దాటవేయరాదు. కుళాయి ఏ వీధి మొగదల పెట్టారో, ఏ వాడకు ఎన్నేళ్లు ఆలస్యమైందో తేల్చేది ఆ మినిట్సు పుస్తకమే.